గంటలో తోడుకున్న పెరుగు

నిప్పుకు మైల ఉంటుందా అన్న అనుమానం ఆరేళ్లుగా నన్ను వదల్లేదు.

మా కాలనీ ఊరి చివర, మురుగునీటి శుద్ధి కేంద్రం పక్కనే ఉంది. అక్కడ పనిచేసేవాళ్ల ఇళ్లు ముప్ఫై రెండు. ఊరంతా వాడి వదిలేసిన నీళ్లు కాలవల్లో మా దగ్గరికే వస్తాయి. తేరిన నీళ్లు ఏటికి పోతాయి. అడుగున మిగిలిన బురద కోడిగుడ్డు ఆకారంలో ఉన్న పెద్ద తొట్టిలోకి పోతుంది. దాన్ని అందరూ గుడ్డు అనే అంటారు. గాలి చొరబడని ఆ గుడ్డులో బురద మురిగి గ్యాసు పుడుతుంది. ఆ గ్యాసుతో ఇంజను తిరుగుతుంది, ఇంజనుతో కరెంటు వస్తుంది, ఆ కరెంటుతో ఊరి మంచినీళ్ల పంపులు ఆడతాయి. మిగిలిన కాస్త గ్యాసును ఆరేళ్ల కిందట సన్నగొట్టం వేసి మా ఇళ్ల పొయ్యిలకు ఇచ్చారు.

మంట నీలంగా, కుదురుగా ఉంటుంది. వాసన లేదు, మసి లేదు. అయినా మొదటిరోజు దానిమీద పాలు పెట్టబోతే నా చెయ్యి ఆగిపోయింది. ఇది ఎక్కణ్ణుంచి వచ్చిన మంట? దీనిమీద వండింది స్వామికి పెట్టొచ్చా?

గుళ్లో పూజారిగారిని అడిగాను.

"గోబర్ గ్యాసు మీద నిక్షేపంగా వండుకోవచ్చమ్మా. గోమయం పవిత్రం" అన్నారు.

"ఇది ఆవులది కాదండి. మనుషులది."

ఆయన కాసేపు గంట వైపు చూశారు. "పుస్తకం చూసి చెబుతాను" అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.

అందుకని మా తిండి గ్యాసు మీద, స్వామి నైవేద్యం బొగ్గుల కుంపటి మీద. మా ఆయన గవర్రాజు ఆ గుడ్డు దగ్గర ఆపరేటరు. దాన్ని ఆయన ఆవును చూసినట్టే చూసేవారు. ఈపూట సరిగ్గా మేయలేదనీ, ఒళ్లు వెచ్చబడిందనీ ఇంటికొచ్చి దిగులుపడేవారు. నా కుంపటి కనబడితే మాత్రం నవ్వు.

"మన పెళ్లిలో హోమగుండం చుట్టూ ఏడడుగులు తిరిగాం. ఆ నిప్పు ఎవరింటి పొయ్యిలోంచి తెచ్చారో అడిగావా మాణిక్యం?"

"అప్పుడు నాకు పదహారేళ్లు. ఏం అడగాలో తెలీదు."

"ఇప్పుడు తెలిసి ఏం లాభం? చుట్టూ తిరిగేశాం" అనేవారు.

నిరుడు వానాకాలంలో డాక్టర్ నిరుపమ వచ్చింది. మందులిచ్చే డాక్టరు కాదు, కంటికి కనబడని జీవుల గురించి చదువుకున్న అమ్మాయి. గుడ్డు పక్కన రేకుల షెడ్డులో ప్రయోగశాల పెట్టుకుంది. బురదను గ్యాసుగా మార్చే జీవులు మహా మందకొడివట, ఇరవై రోజులు తీసుకుంటాయట. రెండురోజుల్లో ఆ పని చేసే జాతిని ఈ అమ్మాయి పెంచింది. అయితే వాటికి కాస్త గాలి తగిలితే చాలు, చచ్చిపోతాయి. సీసాలోంచి గుడ్డులోకి వేసేలోపే సగం పోయేవి.

ఓ మధ్యాహ్నం మా ఆయన భోజనానికి కూచుని, "పాపం, ఆ అమ్మాయి పిల్లలు మళ్లీ పోయాయి" అన్నారు.

నా చేతిలో గరిటె జారింది. "పిల్లలేవిటండీ! పెళ్లే కాలేదుగా!"

ఆయన నవ్వాపుకుని విషయం చెప్పారు. నేను అన్నం వడ్డిస్తూ ఊరికే అన్నాను. "ఒంటరిగా బతకలేనిదాన్ని పెరుగులో వేసి చూడమనండి. మా అమ్మ తోడు చచ్చిపోతే గోరువెచ్చటి పాలల్లో ఎండుమిరపకాయ తొడిమలు వేసేది. ఎక్కడో తొడిమలో దాక్కున్న ప్రాణం పాలల్లో పడి ఇల్లంతటికీ పెరుగయ్యేది."

మర్నాడు నిరుపమ మా వంటింట్లోకే వచ్చేసింది. పీట మీద కూచుని, నా పెరుగు గిన్నెను బిడ్డను చూసినట్టు చూసింది.

"పెరుగులో జీవులు చుట్టూ ఉన్న గాలిని తినేస్తాయి పిన్నిగారూ. మధ్యలో గాలి లేని చిన్న గదిలాంటిది తయారవుతుంది. మావాళ్లు అందులో హాయిగా పడుకుంటారు. ఇది నాకెందుకు తట్టలేదో!"

"నువ్వు ఎప్పుడైనా పాలు తోడుపెట్టావా అమ్మా?"

"ప్యాకెట్టు పెరుగేనండి" అంది సిగ్గుపడుతూ.

నా పెరుగు ఓ గ్లాసుడు పట్టుకెళ్లింది. దీపావళి నాటికి గుడ్డు మూడింతలు గ్యాసు ఇవ్వడం మొదలెట్టింది. పంపులకు పోను మిగిలిన కరెంటుతో ఊరి వీధిదీపాలన్నీ వెలిగాయి. పెద్ద అధికారులు చూడ్డానికొస్తే, నిరుపమ నన్ను ముందుకు లాగి "ఇదంతా మాణిక్యం పిన్నిగారి తోడు" అంది. నాకు గర్వం కలిగింది. ఇప్పుడు దాచుకోవడం దేనికి? చాలా కలిగింది.

ధనుర్మాసంలో చలి ముదిరింది. నెలరోజులూ తెల్లవారేసరికి స్వామికి ఏదో ఒక నైవేద్యం పెట్టడం నా అలవాటు. శనివారం దద్దోజనం. ఆ వారమంతా పాలు తోడుకోలేదు. దుప్పటి చుట్టినా, బియ్యం డబ్బాలో పెట్టినా నీళ్లు నీళ్లుగానే ఉండిపోయాయి. ఇంట్లో తోడు చచ్చిపోయింది.

ఆ శుక్రవారమే ప్రయోగశాలలో ఫ్రిజ్ చెడిపోయింది. మా ఆయన మధ్యాహ్నం భోజనానికొస్తూ చిన్న స్టీలు డబ్బా తెచ్చి మా ఫ్రిజ్‌లో పెట్టారు. మూతమీద తెల్ల ప్లాస్టరు, దానిమీద ఎర్ర గుర్తు.

"ఇది నిరుపమ అమ్మాయి అసలు విత్తనం. ముట్టుకోకు. రేపు పొద్దున్నే పట్టుకుపోతాను" అని మళ్లీ డ్యూటీకి వెళ్లారు.

నేను ఆ డబ్బా మూత తీశాను.

పొరపాటున తీశానని చెప్పుకోవచ్చు. కాదు, తెలిసే తీశాను. తెల్లగా, గట్టిగా, కత్తితో కోసేటట్టుంది. మా పుట్టింటి కుండపెరుగు వాసన. ఇది నా పెరుగులోంచి పుట్టిందే కదా అనుకున్నాను. ఒక్క చెంచా తీసి గోరువెచ్చటి పాలల్లో కలిపాను. మంట ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆరేళ్లు అడిగినదాన్ని, ఆ చెంచాడు ఎక్కణ్ణుంచి వచ్చిందని ఒక్క నిమిషం ఆగి అడగలేదు.

గంట తిరిగేసరికి పాలు తోడుకున్నాయి. అంత చలిలో! గిన్నె బోర్లించినా జారలేదు. రుచి చూస్తే తియ్యగా ఉంది. మర్నాడు కుంపటి మీద అన్నం వండి, ఆ పెరుగు కలిపి, మిరియాలు వేసి స్వామికి పెట్టాను. ఆ ఏడాది అంత మంచి దద్దోజనం చెయ్యలేదు.

పక్కింటి సత్యవేణి ప్రసాదం తిని వేళ్లు నాకింది. "ఒదినా, ఏం మంత్రం వేశావు? మా ఇంట్లో పాలు కూడా నన్ను చూసి బిగుసుకోవట్లేదు."

"నీ నోటికి భయపడి నీళ్లయిపోయుంటాయి."

"సరే, నా నోటినేమైనా అను. కాస్త తోడియ్యి."

ఇచ్చాను. సత్యవేణి నోట్లో పడ్డాక ఇక కాలనీకి వేరే చాటింపు అక్కర్లేదు. గిన్నెలు, గ్లాసులు, కప్పులు పట్టుకుని అందరూ వచ్చారు. మా దగ్గర ఒక పద్ధతుంది. దీపం పెట్టాక ఉప్పు, పెరుగు, సూది గడప దాటించరు. అందుకని సాయంత్రం అయిదులోపే వచ్చి పట్టుకుపోయేవారు. మా ఇంటి నుంచి వాళ్లింటికి, వాళ్లింటి నుంచి ఇంకో ఇంటికి. పదిరోజుల్లో కాలనీ అంతా గంటలో తోడుకునే పెరుగే.

చివరి వరసలో సువార్తమ్మ ఉంటుంది. నాకంటే ఆరేడేళ్లు పెద్ద. ఆవిడకు నేను బాకీ.

పన్నెండేళ్ల కిందట ఇలాగే ఒక శుక్రవారం సాయంత్రం పిల్లి మా పెరుగు గిన్నె ఒలకబోసింది. తెల్లవారితే శనివారం మొక్కు దద్దోజనం. మూడిళ్లు తిరిగాను. "దీపం పెట్టేశాం ఒదినా, ఏమనుకోకు" అన్నారు. నేనైనా అదే అందును. దారిలో సువార్తమ్మ ఎదురై, విషయం విని, "మాకా పట్టింపుల్లేవండి" అని లోపలికెళ్లి, గ్లాసులో చెంచాడు తోడు తెచ్చి ఇచ్చింది. కొత్త స్టీలు గ్లాసు. దానిమీద 'యేసోబు' అని ఆవిడ భర్త పేరు చెక్కించి ఉంది.

ఆ తోడుతోనే స్వామికి పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. అప్పట్లో ఆ వరసలో ఇళ్లకు మేం వెళ్లేవాళ్లం కాదు. ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. తిరిగి ఇవ్వడానికి వెళ్తే తీసుకున్న సంగతి బయటపడుతుంది. అలా రేపు, ఎల్లుండి అనుకుంటూ ఆ గ్లాసు అటక మీద పాత ఇత్తడి బిందెలో ఉండిపోయింది.

ఇప్పుడు కాలనీ అంతా నా పెరుగు అడుగుతోందన్న ధైర్యంతో పెద్ద గిన్నె నిండా పెరుగు పట్టుకుని వాళ్ల గుమ్మంలోకి వెళ్లాను. గ్లాసు మాత్రం అటక మీదే ఉంది. దాన్ని చేతికిచ్చే మొహం ఇంకా లేదు.

"ఏంటమ్మగారూ, ఇయ్యాల దారి తప్పారా?" అంది సువార్తమ్మ.

యేసోబు మంచం మీదనుంచి లేచి కూచున్నాడు. యంత్రాలు రాకముందు ముప్ఫై ఏళ్లు మ్యాన్‌హోళ్లలోకి దిగిన మనిషి. లోపలి గ్యాసుకు రెండుసార్లు పడిపోయి బతికాడు. "ఇంత పెరుగే! నన్ను అల్లుడనుకున్నారేమోనే" అని బోసినోటితో నవ్వాడు. వాళ్ల మనవరాలు గ్లోరీ, ఆరేళ్ల పిల్ల, వేలు పెట్టి నాకి "ఇంకా" అంది. తల్లి కువైట్‌లో పనికి వెళ్తే ఆ పిల్ల వీళ్ల దగ్గరే పెరుగుతోంది.

బాకీ తీరిందని ఆ రోజు తేలిగ్గా ఇంటికొచ్చాను.

సంక్రాంతి వెళ్లాక అందరికీ ఆకలి పెరిగింది. చలికి జఠరాగ్ని రాజుకుంటుందని మా ఆయన రెండోసారి మారు వడ్డించుకునేవారు. నెలకు వచ్చే బియ్యం ఇరవై రోజులకే అయిపోయేది. ఎంత తిన్నా గంటకే నీరసం. కడుపు ఉబ్బరం, తేపులు. సత్యవేణి జాకెట్లన్నీ వదులై, "ఒదినా, నీ పెరుగు తిని సన్నజాజినైపోయాను చూడు" అని మురిసిపోయింది. ఆసుపత్రిలో నులిపురుగుల మందిచ్చి పంపించారు.

యేసోబు మాఘమాసం మొదట్లో పోయాడు. డొక్కలు ఎండిపోయి, పొట్ట మాత్రం ఉబ్బి పోయాడు. డెబ్బై రెండేళ్ల మనిషి, ముప్ఫై ఏళ్లు ఆ విషపు గాలి పీల్చినవాడు, ఇన్నాళ్లుండటమే ఎక్కువన్నారు. నేనూ అదే అన్నాను.

తాత పోయాక గ్లోరీ సాయంత్రాలు మా ఇంటికొచ్చేది. కాళ్లూ చేతులూ పుల్లలు, పొట్ట డప్పు. ఆ రోజు నేను దీపం పెడుతుంటే పక్కన మోకాళ్ల మీద కూచుని, కుంది మీదికి వంగింది.

"నోటితో ఊదకూడదు తల్లీ. దీపం పువ్వుతో కొండెక్కించాలి."

"ఊదట్లేదు మామ్మగారూ, చూస్తున్నా" అంది. అంటూ ఉండగా పెద్ద తేపు వచ్చింది.

దీపం జానెడు ఎత్తున ఎగిసింది. నీలంగా, బుస్సుమని. ఒక్క క్షణం. ముంగురులు కాలిన వాసన వచ్చింది. పిల్లను వెనక్కి లాగాను. గ్లోరీ మాత్రం కళ్లు పెద్దవి చేసి నవ్వింది.

"మళ్లీ చెయ్యనా?"

గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నారు. చేతిలో క్యారియరు కిందపడి గిన్నెలు దొర్లిపోయాయి. ఆయన వాటిని చూడలేదు. ఆ రంగు ఆయనకు తెలుసు. మిగులు గ్యాసును కాల్చేసే గొట్టం చివర రోజూ చూసే రంగు.

తిన్నగా పెరట్లోకి వెళ్లారు. నేనూ వెళ్లాను. అగ్గిపుల్ల గీసి తన నోటిముందు పట్టుకున్నారు. కడుపు నొక్కుకుని బలవంతాన తేన్చారు. పుల్ల చివర నీలంగా భగ్గుమంది.

పుల్ల ఆయన వేళ్లదాకా కాలింది. "మాణిక్యం" అన్నారు. "మనలోపల గుడ్డు ఉంది."

మేం తిన్న అన్నం మా ఒంటికి పట్టట్లేదు. ఆ జీవులు ముందే తినేసి గ్యాసు చేస్తున్నాయి. బురదను రెండురోజుల్లో మాయం చేసేవాటికి పిడికెడు అన్నం ఎంత!

"ఆ రోజు డబ్బా ముట్టుకున్నావా?"

లోపల దీపం వెలుగుతోంది. దానికేసి చూడకుండా "లేదండి" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆయన ఉద్యోగం గుర్తొచ్చిందా, నిరుపమ గుర్తొచ్చిందా, నా పెరుగు పేరు గుర్తొచ్చిందా? అన్నిటికంటే ముందు యేసోబు గుర్తొచ్చాడు. అందుకే అని ఉంటాను.

మర్నాడు పొద్దున్న గ్లోరీ బళ్లో పడిపోయింది. పెద్దాసుపత్రిలో చేర్చారు. మా ఆయన చెప్పింది విని నిరుపమ మొహంలో రక్తం లేదు. ఇంట్లోకి ఎలా వచ్చింది? గుడ్డు గొట్టం పగిలి మంచినీళ్లలో కలిసిందా? అలా అయితే ఊరు ఊరంతా... ఆ అమ్మాయి మాట పూర్తి చెయ్యలేకపోయింది. కుళాయిలు ఆపేశారు. మనుషుల్ని పెట్టి గొట్టాలు తవ్వించారు. రెండురోజులు మట్టి తవ్వుతూనే ఉన్నారు. నేను కిటికీలోంచి ఆ గోతులు చూస్తూ కూచున్నాను. నా తోడు మాత్రం పారబోశాను. నా ఒక్క ఇంటిది.

మూడోరోజు మధ్యాహ్నం పిల్లను చూడ్డానికి ఆసుపత్రికి వెళ్లాను. గ్లోరీ చేతికి సెలైను. సువార్తమ్మ మంచం పక్కన స్టూలు మీద కూచుని డబ్బా మూత తీసి, చెంచాతో పిల్ల నోటికి అందిస్తోంది. పెరుగన్నం.

"పెట్టకు!" అని అరిచి చెయ్యి పట్టుకున్నాను. చెంచా ఎగిరి గోడకు తగిలింది. వార్డంతా తిరిగి చూసింది.

"ఏంటమ్మగారూ! కడుపు మంటంటోందని చలవకి పెడుతున్నా. ఇంకేదీ తినట్లేదు."

"అది పెట్టకు సువార్తమ్మా."

"మీరిచ్చిన తోడేనండి ఇది" అంది ఆవిడ.

మంచం కోడు పట్టుకుని నేలమీదే కూలబడి చెప్పాను. డబ్బా, ఎర్ర గుర్తు, నేను తెలిసి తీసిన చెంచా, మా ఆయనతో ఆడిన అబద్ధం. ఆవిడ చేతిలో పెరుగన్నం డబ్బాకేసి చూస్తూ అంది.

"మా ఆయనకి కూడా ఇదే పెట్టానండి. ఆఖరి రోజు కూడా. ఇంకేదీ గొంతు దిగట్లేదంటే."

డబ్బాకు మూత పెట్టేసింది.

"ఎల్లిపోండి" అంది. గొంతు పెంచలేదు. "ముందు ఆ డాక్టరమ్మకి చెప్పండి. చెప్పేసి ఎల్లిపోండి."

చెప్పాను. నిరుపమ ఆసుపత్రి వరండాలో చతికిలబడిపోయింది. నన్ను తిట్టలేదు. "పెరుగులో దాక్కుందా!" అంది. "కడుపులో ఆమ్లం కూడా దాన్ని చంపలేకపోయింది. నేనే గది కట్టి దాచాను కదండీ." వెంటనే లేచి డాక్టర్ల దగ్గరికి పరుగెత్తింది. దేన్ని చంపాలో, ఏ మందుతో చంపాలో అప్పుడు తెలిసింది వాళ్లకి. గ్లోరీకి నోటితో ఏమీ పెట్టకుండా నరం గుండానే తిండి ఎక్కించారు.

ఆ సాయంత్రం నిరుపమ కాలనీకి వచ్చి ఇంటింటికీ ఒక సీసా, ఒక బుడగ ఇచ్చింది. బజార్లో దొరికినవి, పుట్టినరోజు బుడగలు. మీ పెరుగు ఒక చెంచా, కాస్త గంజి సీసాలో వేసి, మూతికి బుడగ కట్టి కిటికీలో పెట్టమంది. అప్పటికీ నవ్వినవాళ్లున్నారు.

తెల్లవారి వాకిలి ఊడుస్తూ తలెత్తి చూశాను. ఎర్రవి, పచ్చవి, గులాబీవి. వరసలో ప్రతి కిటికీలోనూ బుడగలు నిక్కి నిలబడి ఉన్నాయి. పండగేదో జరుగుతున్నట్టు. ముప్ఫై రెండిళ్లలో ఇరవై తొమ్మిది. మిగతా మూడిళ్లు పెరుగు తినని ఇళ్లు. సత్యవేణి తన కిటికీ ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆవిడ మాట్లాడకుండా ఉండటం నేను చూడటం అదే మొదలు.

కాలనీలో ఉన్న పెరుగు, మజ్జిగ, వెన్న అంతా ఒకచోట పోగుచేసి కాల్చేశారు. అందరికీ మందులిచ్చారు. గుడ్డును కూడా చంపాల్సి వచ్చింది. కొలిమిలాంటి ఆవిరి లోపలికి వదలాలి. ఆ మర తిప్పాల్సింది ఆపరేటరు. మా ఆయన రెండుచేతులా తిప్పి, గుడ్డు గోడమీద చెయ్యి ఆనించి అది కాలేదాకా తియ్యలేదు. ఇంటికొచ్చాక బొబ్బలకు నెయ్యి రాయబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నారు. నెలరోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఊరి వీధిదీపాలు ఆరిపోయాయి.

విచారణకు వచ్చినవాళ్ల ముందు నిరుపమ, "నమూనా ప్రయోగశాల దాటించడం నా నిర్ణయం" అని రాసిచ్చింది. నేను వెళ్లి నా పేరూ రాయమన్నాను. "మీకేం తెలుసు పిన్నిగారూ" అంది. "ఎర్ర గుర్తు తెలుసమ్మా" అన్నాను. రాసుకున్నారు. మా ఆయనను గుడ్డు నుంచి తప్పించి గేటు దగ్గర వేశారు. నిరుపమ ఊరు విడిచి వెళ్లింది. వెళ్లేముందు ఒక బుడగల పొట్లం నా చేతిలో పెట్టింది.

గ్లోరీ నలభై ఒక్క రోజులకు ఇంటికొచ్చింది. బతికింది. యేసోబు రాలేదు.

పేడనీళ్లు పోసి గుడ్డును పాతపద్ధతిలో మళ్లీ మొదలెట్టారు. జ్యేష్ఠమాసానికి మా పొయ్యిల్లో సన్నటి మంట వచ్చింది. ఆ రోజు కుంపటి ముందు కూచుని ఆలోచించాను. నిప్పు తను పుట్టినచోటును కాల్చేసి వస్తుంది. పాలల్లో వేసే చెంచాడు తోడు మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందో అదంతా వెంట తెస్తుంది. నేను అడగాల్సింది దేన్ని? అడిగింది దేన్ని? పూజారిగారి కోసం చూడకుండా ఆ గ్యాసు మంట మీదే పాలు కాచి స్వామి ముందు పెట్టాను. తప్పయితే స్వామే చెబుతాడు.

పెరుగు మీద ఉన్న నిషేధం తీసేశాక, కాచిన పాలల్లో ఎండుమిరప తొడిమలు వేశాను. రెండురోజులకు తోడుకుంది. పుల్లగా, నీళ్లగా. సీసాలో వేసి బుడగ కట్టాను. మూడుసార్లు చూశాను. మూడుసార్లూ బుడగ సీసా మెడమీద వాలిపోయే ఉంది. అయినా నన్ను ఎవరూ తోడు అడగలేదు. అందరూ ప్యాకెట్లే. వాళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు. రోజూ తోడుపెట్టి, రోజూ మేమిద్దరమే తినేవాళ్లం.

ఆషాఢంలో ఒక శుక్రవారం. దీపం పెట్టి లేచేసరికి గుమ్మం బయట సువార్తమ్మ నిలబడి ఉంది. ఆసుపత్రిలో చూసిన తర్వాత నాతో మాట్లాడలేదు. చేతిలో ఏమీ లేదు.

"దీపం పెట్టేశారా?"

"ఇప్పుడే."

"అయితే పొద్దున్న వస్తాలెండి" అని వెనక్కి తిరిగింది.

"ఉండు సువార్తమ్మా. ఏం కావాలి?"

ఆవిడ నా మొహం చూడకుండా చెప్పింది. "పిల్ల పెరుగన్నం కావాలని మారాం చేస్తోంది. ప్యాకెట్టు పెరుగు ఉమ్మేస్తోంది. మామ్మగారింటిదే కావాలంట. దానికేం తెలుసు?"

"బుడగ లేవలేదు. మూడుసార్లు చూశాను."

"నేను చూడొచ్చా?"

వంటింట్లోకి తీసుకెళ్లాను. ఆవిడ మా వంటింట్లోకి రావడం అదే మొదటిసారి. కిటికీలో సీసా దగ్గర వంగి, వాలిపోయిన పచ్చబుడగను రెండువేళ్లతో పట్టి చూసింది. వదిలి మళ్లీ పట్టి చూసింది.

నేను స్టూలు వేసుకుని అటకెక్కాను. బిందెలోంచి గ్లాసు తీసి, కడిగి, తుడిచి, చెంచాడు తోడు అందులో వేశాను. ఆవిడ చేతికిచ్చాను.

సువార్తమ్మ గ్లాసు తిప్పి చూసింది. బొటనవేలు చెక్కిన అక్షరాల దగ్గర ఆగింది.

"ఇది పోయిందనుకున్నాం" అంది. "పెళ్లిరోజుకు కొన్న జతలోది. నేనే ఎక్కడో పారేశానని సచ్చేదాకా నన్ను ఎగతాళి చేసేవోడు."

"నా దగ్గరే ఉంది. పన్నెండేళ్లు."

ఆవిడ దీపం వెలుగుతున్న గదిలోంచి నడిచి గడప దాకా వెళ్లి, ఆగి, గ్లాసు లోపలికి చూసుకుంది.

"ఇంకో చెంచా వెయ్యనా?" అన్నాను.

"వద్దు మాణిక్యమ్మా" అంది. "అప్పుడు నేనిచ్చింది ఒక్క చెంచాయే."

కొంగు గ్లాసు మీద కప్పుకుని మెట్లు దిగింది.